చెయ్యెత్తనివ్వని మనిషి

ఫోన్ చేసింది మా పాత హెడ్మాస్టరు. "మేడం, పీఈటీ సార్ పోయిండు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండంట. ఆదివారం తాండూర్ల సంతాప సభ పెడుతున్నం. మీరు రెండు మంచి మాటలు చెప్పాలె. సారుతోని కొండెక్కిన టీచర్ మీరొక్కరే గదా" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, పొయ్యి మీది పాలు దించి, కుర్చీలో కూర్చుని నన్ను నేను చూసుకున్నాను, లోపల ఏమైనా బాధ కలుగుతుందేమోనని. కలగలేదు. అంత నెమ్మదిగా, ఎవరినీ పరేషాన్ చేయకుండా పోవడం ఆయన స్వభావం కాదే అని మాత్రం అనుకున్నాను.

రెండు మంచి మాటలు నా దగ్గర లేవు. ఉన్న మాటలు సభలో చెప్పేవి కావు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు రాయను. పోయినవాళ్ళ మీద గౌరవంతో కాదు. ఆయన పేరు రాస్తే దాని వెనకే ఒక ఆడపిల్ల పేరు బయటికొస్తుంది. బయటికొస్తే ఆమె ఉద్యోగం పోతుంది, ఊళ్ళో తలెత్తుకోలేదు. ఆమెను పెద్దేముల్ పిల్ల అంటాను. అది కూడా ఆమె అసలు మండలం కాదు.

వికారాబాద్‌లో మా హాస్టల్ స్కూలు నుంచి పన్నెండు మంది పిల్లలను ఆఫ్రికా తీసుకుపోయి కిలిమంజారో కొండ ఎక్కించాలని ఆయన పట్టుబట్టాడు. ఎవరెవరినో కలిసి దాతలను పట్టాడు. వరసలో ఆడపిల్లలు ఉన్నారు కాబట్టి ఒక ఆడ టీచర్ కూడా వెళ్ళాలన్నారు. నేను సోషల్ చెప్తాను. పటం మీద కర్రతో చూపించే ఖండాన్ని ఒకసారి కాళ్ళతో తొక్కొచ్చని ఆశపడి నా పేరు నేనే ఇచ్చాను. అప్పటికే ఆయనంటే నాకు పడదు. అయినా ఇచ్చాను.

పొట్టి మనిషి, గట్టి మెడ. మీసానికి రంగు వేసేవాడు, జుట్టుకు వేసేవాడు కాదు. నెత్తి తెల్లగా, మూతి నల్లగా ఉండేది. పెళ్ళికైనా చావుకైనా ట్రాక్ ప్యాంటే. మెడలో ఎర్ర దారానికి విజిల్. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని నోట్లో పెట్టుకునేవాడు, ఎదుటివాళ్ళు అడ్డు చెప్పబోతే ఊదేవాడు. స్టాఫ్ మీటింగులో కూడా. మొదటిసారి అందరం నవ్వాం. కొన్నాళ్ళకు నేను మీటింగుల్లో మాట్లాడటమే మానేశాను. మెస్‌లో పిల్లల వరసల మధ్య నడుస్తూ, తోచిన పళ్ళెంలో వేలు ముంచి పప్పు రుచి చూసేవాడు. "ఉప్పు తక్కువున్నది" అనేవాడు. వంటావిడతో కాదు, ఆ పళ్ళెం ముందు కూర్చున్న పిల్లతో. అని ముందుకు నడిచేవాడు. నలుగురిలో నన్ను మేడం అనేవాడు. పని పడితే చెల్లె అనేవాడు. కోపమొస్తే రెండూ పోయి నువ్వు మిగిలేది.

పిల్లలకు మాత్రం ఆయనంటే పిచ్చి. ఎవరి అమ్మ పేరేమిటో, ఎవరింట్లో ఎన్ని గొర్లున్నాయో, ఎవరి నాన్న తాగుతాడో అన్నీ ఆయనకు తెలుసు. ప్రేమతో తెలుసుకున్నాడని నేను ఒప్పుకోను. ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిస్తే అక్కడ నొక్కవచ్చు. పిల్లలను లెక్కపెట్టేటప్పుడు అంకెలు చెప్పేవాడు కాదు, వరసగా నడినెత్తిన ఒక్కో మొట్టికాయ వేసుకుంటూ పోయేవాడు. మొట్టికాయ పడకపోతే ఆ పిల్లలకు దిగులు.

తర్ఫీదు అనంతగిరి గుట్ట మీద, ముప్పై మందితో మొదలుపెట్టి పన్నెండు మందిని ఏరడానికి. తాండూరులో పాలిష్ యూనిట్ల బయట పడేసిన నాపరాయి ముక్కలను ఆటోలో వేయించుకొచ్చి, పిల్లల స్కూలు బ్యాగుల్లో పుస్తకాలకు బదులు అవి నింపాడు. మొదటి వారం రెండు ముక్కలు, తర్వాత మూడు, తర్వాత నాలుగు. ప్రతి ముక్క మీద పిల్ల పేరు సుద్దతో రాసేవాడు. దారిలో ఎవరైనా ఒక ముక్క పొదల్లోకి విసిరేస్తే, పైన బ్యాగు దించిన చప్పుడును బట్టి కనిపెట్టేవాడు. కిందికి పంపి ఆ ముక్కే వెతికించి తెప్పించేవాడు.

గుట్ట పైకి చేరగానే పిల్లలను వరసగా నిలబెట్టి అడిగేవాడు. "తలకాయ నొస్తున్నోళ్ళు చెయ్యి లేపుండ్రి."

మొదటి రోజు అయిదు చేతులు లేచాయి. ఆ అయిదుగురినీ ఆ సాయంత్రమే వరసలోంచి తీసేశాడు. రెండో వారం బషీరాబాద్ నుంచి వచ్చిన పిల్లాడొకడు, ఇంట్లో మాట్లాడే కన్నడం నోటికొచ్చి, "తలె నోవు సార్" అన్నాడు. వాడు బాగా నడిచేవాళ్ళలో ఒకడు. "మంచిగ రెస్ట్ తీసుకో బిడ్డా" అని వాడి భుజం తట్టి, జేబులోంచి తీసి ఇన్ని పల్లీలు వాడి చేతిలో పోసి బస్సెక్కించాడు. వాడు పల్లీలు గుప్పిట్లో పట్టుకునే ఏడ్చాడు. మూడో వారం నుంచి ఒక్క చెయ్యి లేవలేదు.

"చూసిండ్రా మేడం, గిట్ల తయారు కావాలె" అన్నాడు నాతో. నేను తలూపాను. అక్కడే ఆపి ఉండాల్సింది. ఎత్తు పెరిగేకొద్దీ తలనొప్పి వస్తుందని, అది దాస్తే ప్రాణం మీదికొస్తుందని మాకిచ్చిన కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది. నేను చదివాను కూడా.

పెద్దేముల్ పిల్ల వరసలో అందరికంటే నెమ్మదిగా నడిచేది, అందరికంటే ముందు చేరేది. గొల్లకుర్మల ఇల్లు వాళ్ళది. నడక నేర్చిన దగ్గర్నుంచీ అమ్మతో కలిసి గొర్ల వెనక నడిచిన పిల్ల. ఆగకుండా, ఆయాసపడకుండా, ఒకటే తీరుగా అడుగు వేసేది. ఆఫ్రికాలో మా గైడు మొదటి రోజే ఆ నడక చూసి, అందరినీ ఆమె వెనక నడవమన్నాడు. ఈయన ముఖం మీద విజిల్ చాటున నవ్వు. "నా బిడ్డ" అన్నాడు, తనే కన్నట్టు.

రెండో మజిలీలో చెక్క గదుల దగ్గర ఆమె చున్నీని మడతపెట్టి నుదురు చుట్టూ బిగించి కట్టుకుని, దాని మీద ఉన్ని టోపీ లాక్కుంటుంటే చూశాను. "ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు మేడం. జర తలకాయ నొస్తుంది. మా అమ్మ గిట్లనే కట్టుకుంటది. కట్టుకుంటే పోతది." నా చెయ్యి పట్టుకుంది. "సారుకు చెప్పకుండ్రి మేడం. మీ కాళ్ళు మొక్కుత. మా ఊర్ల ఫ్లెక్సీ గూడ కట్టిండ్రు. నన్ను తీసేస్తడు."

చెప్పనన్నాను. ఆయన మీద ఇంత విషం కక్కుతున్నాను కదా, ఈ ఒక్క మాట కూడా రాయాలి. చెప్పనన్నది నేను. ఆ పిల్ల మీద జాలితోనే అన్నానని అనుకున్నాను. ఒకరు దిగితే వాళ్ళతో పాటు ఆడ టీచరూ దిగాలన్నది ముందే చేసుకున్న ఏర్పాటు. నాకూ పైకి పోవాలని ఉంది.

ప్రతి సాయంత్రం భోజనాల దగ్గర గైడు పిల్లలను అడిగేవాడు, తలనొప్పి ఉందా, వాంతి వచ్చినట్టుందా అని. ఈయన పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు. "తలకాయ నొస్తున్నోళ్ళు చెయ్యి లేపుండ్రి." పన్నెండు మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. మీ పిల్లలు చాలా గట్టివాళ్ళని గైడు మెచ్చుకున్నాడు.

చివరి మజిలీకి మధ్యాహ్నం చేరాం. చెట్టు లేదు, గడ్డి లేదు, బూడిద రంగు మట్టి, రాళ్ళు. అర్ధరాత్రి దాటాక బయల్దేరి తెల్లారేసరికి పైన ఉండాలి. ఈయన పిల్లలను విశ్రాంతి తీసుకోనివ్వకుండా, పైన ఫొటోలో ఎలా నిలబడాలో సాధన చేయిస్తున్నాడు. దాతల బొమ్మలున్న ఫ్లెక్సీ విప్పాడు. ముందు ఆరుగురు మోకాళ్ళ మీద, వెనక ఆరుగురు నిలబడి. పెద్దేముల్ పిల్లది వెనక వరసలో నడిమి స్థానం. నిలబడమంటే ఆమె పక్కకు ఒరిగింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత గంజి తాగమని గిన్నె ఇస్తే చెంచా నోటికి కాక చెంపకు తగిలించుకుంది. మళ్ళీ తగిలించుకుంది. మూడోసారి గిన్నె జారిపోయింది, ఆమె అక్కడే వంగి కక్కుకుంది.

నేను గైడును పిలిచాను. అతను ఆమెను ఒక గీత మీద నడవమన్నాడు. అంత బాగా నడిచే పిల్ల రెండడుగులు వేయలేకపోయింది. ఇప్పుడే, ఈ నిమిషమే కిందికి దించాలన్నాడు, రేపటికి ఆగితే పిల్ల దక్కదన్నాడు.

ఈయన వచ్చి గది గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. "జర సేపు పండుకుంటే అయితది. గైడ్లు గట్లనే భయపెడ్తరు."

"సార్, పిల్ల సోయిల లేదు. దించాలె."

"దించితే పన్నెండు పదకొండు అయితది. నేను పన్నెండని చెప్పి వచ్చిన."

"పిల్లకేమన్న అయితే వాళ్ళమ్మకు ఏం చెప్తరు?"

ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. తీసి అన్నాడు, "తీస్కపో. నీకు ఎట్లాగు ఎక్కరాదు. రెండు దినాల సంది చూస్తున్న, కాళ్ళు ఈడుస్తున్నవ్. సాకు దొరికింది గదా, పో."

అది అబద్ధమైతే నాకు ఇంత మంట ఉండేది కాదేమో. నా కాళ్ళు నిజంగానే ఈడ్చుకుంటున్నాయి. నేను ఎక్కలేనని అప్పటికి నాకూ సగం తెలుసు. ఆ సగం ఎవరికీ కనిపించకుండా దాచుకున్నాను, ఆయన వేలు తిన్నగా దాని మీదే పెట్టాడు. ఆయన జాపిన కాళ్ళను దాటుకుని ఆ పిల్లను బయటికి తెచ్చాం. ఒంటి చక్రం బండి ఒకటి ఉంటుంది అక్కడ, జబ్బుపడ్డవాళ్ళను దించడానికి. దాని మీద కట్టి ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పట్టుకుని పరుగులాంటి నడకతో దించారు. వెనకాల నేను. "నన్ను దించకుండ్రి, నేను ఎక్కుత" అని ఆ పిల్ల చాలాసేపు గొణిగింది. తర్వాత గొణగడం కూడా మానేసింది. నేను చెప్పనన్న ఆ ఒక్క మాట కోసం ఈ పిల్ల చచ్చిపోతుందని దారి పొడుగునా అనుకున్నాను.

చావలేదు. పొద్దు గుంకేవేళకు కింది మజిలీ చేరాం. తెల్లారి లేచి నీళ్ళు తాగింది. మొదట అడిగింది, "ఫొటో తీసిండ్రా మేడం?" అని.

ఫొటో తీశారు. ఆ మధ్యాహ్నమే ఈయన మిగతా పిల్లలతో దిగివచ్చి, ఆ పిల్ల ఎలా ఉందని కూడా అడగకుండా ఫోను నా ముఖం ముందు పెట్టాడు. ఫ్లెక్సీ వెనక ఆరుగురు, ముందు ఆరుగురు, చివరన ఒక టీచర్. అందరికీ ఒకే ఎర్ర కోట్లు, నల్ల కళ్ళద్దాలు, ముక్కు దాకా కప్పిన టోపీలు. మా దగ్గర అదనంగా ఉన్న రెండు కోట్లను సామాను మోసే ఇద్దరు మనుషులకు తొడిగి మా ఇద్దరి స్థానాల్లో నిలబెట్టాడు. "నీ జాగల ఉన్నాయన నీకంటే సక్కగ నిలబడ్డడు చెల్లె" అని నవ్వాడు.

"ఇదేం పని సార్?" అన్నాను.

"నువ్వు పిల్ల పానం కాపాడినవ్, మంచిది. ఊర్లకు పోయినంక గా పిల్ల ముఖం ఏడ పెట్టుకోవాలె? వాళ్ళమ్మకు నువ్వు చెప్తవా, నీ బిడ్డ ఎక్కలేదని? చెప్పు, నేను వద్దన్న."

నేను చెప్పలేదు. ఆ పదకొండు మంది పిల్లలూ చెప్పలేదు. అడిగితే చెయ్యెత్తకూడదని ఆయన నేర్పిన పాఠం అంత బాగా వచ్చింది వాళ్ళకు. కొండ దగ్గర ఎక్కినవాళ్ళకు ఇచ్చిన కాగితాలు ఆయనే తీసి దాచేశాడు. ఇక్కడికొచ్చాక టీం లీడర్‌గా తను సంతకం చేసిన కాగితాలు పంచాడు, పన్నెండు మంది పిల్లలకూ, నాకూ. వికారాబాద్ స్టేషన్లో డప్పులు. పెద్దేముల్ పిల్ల అమ్మ కొత్త గొంగడి తెచ్చి బిడ్డ భుజాల మీద కప్పి, అక్కడే ప్లాట్‌ఫాం మీద కూలబడి ఏడ్చింది. నా మెడలో కూడా దండ వేశారు. తర్వాత ఒక ఫంక్షన్ హాల్లో శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ శాలువా బీరువాలో అడుగున ఉంది. ఒక్కసారి కూడా బయటికి తీయలేదు, పారేయనూ లేదు.

ఆయన అసలు దుర్మార్గం తర్వాత మొదలైంది. స్టాఫ్ రూంలోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా కొండ సంగతి ఎత్తేవాడు. చెప్పి చెప్పి చివర్లో నా వైపు తిరిగి, "మేడం గూడ ఎక్కింది. అడగుండ్రి" అనేవాడు. అందరూ నా వైపు చూసేవాళ్ళు. నేను తలూపేదాన్ని. నేను తలూపేదాకా ఆయన చూపు తిప్పేవాడు కాదు. ఆయన రిటైరయ్యే వరకు ఎన్నిసార్లు తలూపానో. వేరే స్కూలుకు బదిలీ పెట్టుకుందామని కాగితం రాసి చించేశాను, నేనెందుకు పోవాలని. ఆయనంటే నాకు అసహ్యం. పోయాడు కదా అని ఆ మాట మార్చుకోను.

ఆదివారం తాండూరు వెళ్ళాను. హాలు నిండిపోయింది. ఆయన దగ్గర చదివి పోలీసులైనవాళ్ళు, డ్రైవర్లైనవాళ్ళు, యాలాల్ నుంచి పిల్లలను చంకనెత్తుకుని వచ్చిన ఆడవాళ్ళు. ఒక్కొక్కరు మైకు ముందుకొచ్చి ఏడుస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. కనీసం ఒక్క మాటైనా నిజం చెప్పాలని గట్టిగా అనుకున్నాను. ఆయన పిల్లలకు నొప్పి దాచుకోవడం నేర్పాడు అని, అంతే. ఎవరికి అర్థమైతే వాళ్ళకు.

నా పేరు పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళాను. రెండో వరసలో పెద్దేముల్ పిల్ల కూర్చుని ఉంది. ఇప్పుడామె అనంతగిరి దగ్గర ఒక అడ్వెంచర్ క్యాంపులో ట్రైనర్. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఆ క్యాంపు టీషర్టే వేసుకుంది. ఆ కాగితం చూసే ఉద్యోగం ఇచ్చారు. ఆమె పక్కన అమ్మ, గొర్లు అమ్మేసి ఇప్పుడు బిడ్డ దగ్గరే ఉంటోంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"సారు పన్నెండు మంది పిల్లలను అంత పెద్ద కొండ ఎక్కించిండ్రు. పన్నెండు మందిని క్షేమంగ ఇంటికి తెచ్చిండ్రు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆయన భార్య చెంగుతో కళ్ళొత్తుకుంది. వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

సభ అయ్యాక బస్టాండు వైపు నడుస్తుంటే పెద్దేముల్ పిల్ల వెనకే వచ్చింది. అమ్మను ఆటోలో కూర్చోబెట్టి వచ్చానంది. కొండ దిగిన తర్వాత మేమిద్దరం ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"క్యాంపుకొచ్చేటోళ్ళు దినాం అడుగుతరు మేడం, పైన ఎట్లుంటది అని. నేను సారుకు ఫోన్ చేస్తుంటి. గాలి ఎటు దిక్కుకెల్లి కొడ్తది, మంచు ఏ రంగుంటది, పొద్దు పొడుస్తుంటే కింద మబ్బులు ఎట్ల కనిపిస్తయి, అన్నీ చెప్తుండె. ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి గూడ ఇసుక్కోలే. రాసుకున్న అన్నీ."

ఆయనను మెచ్చుకోవాల్సి వస్తుందేమోనని భయపడి నడక పెంచాను.

"మొన్న ఒక చిన్న పాప అడిగింది. అక్కా, పైకి పోయినంక మొదలు ఏం చేసినవ్ అని. గది నేను రాసుకోలే. సారును అడుగుదామనుకున్న. గీ లోపల పోయిండు." ఆగింది. "మీరు చెప్పుండ్రి మేడం. పైకి పోయినంక మొదలు ఏం చేస్తరు?"

నేను ఎక్కలేదని ఈ లోకంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఆమెతో పాటు దిగింది నేనే. అయినా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. పైకి ఎక్కిన ఆ పదకొండు మందిలో ఎవరినీ అడగలేదు పాపం, నన్నే అడిగింది.

"మొదలు కూసుంటరనుకుంట బిడ్డా" అన్నాను. "అంత దూరం ఎక్కినంక కాళ్ళు గుంజుతయి గదా. కూసుంటరు."

ఆమె తలూపింది. ఆటో వైపు నడుస్తూ, మర్చిపోకుండా ఉండటానికి, పెదాలు కదుపుతూ తనలో తను అనుకోవడం వినిపించింది. "మొదలు కూసున్న. కాళ్ళు గుంజినయి. మొదలు కూసున్న."